జోగయ్య మేస్త్రీ కట్ట

ఏటమ్మీ, కుసుంగుడ దాకా స్కూటీ మీద ఒక్కర్తివే ఎల్లొచ్చేవా? ఆ లారీల రోడ్డులోనా? మీ నాయినకి సెప్పేవా మరి. సెప్పలేదు, నాకు తెల్సు. కూకో, ఆ పీట ఇలా లాక్కో. ఏదీ ఫోను, ఫొటో సూపించు. ఉండు, కళ్ళజోడెట్టుకోనీ. ఆఁ, అదే. అదే కట్ట. ఓలమ్మ, ఎంత తుప్ప మొలిసీసిందో. ఇదిగో మద్దిన పన్నూడిపోయిన సందులాగ ఉన్నాదే, అదే గండి. అదెందుకు పూడ్సలేదు తాతా అంటావు, అంతేనా? మీ అన్న పింటుగాడు నిన్న అదే ఫోను. "తాతా, జేసీబీ ఓడితో మాటాడీసేను, గండి కట్టీసి సేపపిల్లల్ని ఒగ్గుదాం, పెద్దోడివి నువ్వొక మాట సరేనను" అని. మీ అన్నాసెల్లెళ్ళకి నా పెద్దరికం ఇలాంటప్పుడే గుర్తొస్తాది. నాను ఊఁ అన్లేదు, ఉహూఁ అన్లేదు, సిగ్నల్ లేదురా అని పెట్టీసేను. నువ్వేమో కళ్ళతో సూసొచ్చి ఎదురుగా కూకున్నావు. మీ నాయిన రఘు సెప్పడు, ఆడికి సిగ్గు. మా అక్క అప్పమ్మ, మీ నాయినమ్మ, సచ్చిపోయేదాకా నోరిప్పలేదు. నాకూ సిగ్గే. మా బావ ముచ్చటంటే నలుగురిలో గొప్పగా సెప్పుకోవాలనుంటాది గానీ, ఇలాంటిది ఎవడికి సెప్పుకుంటాం? సర్లే, జేసీబీ దాకా వచ్చింది కాబట్టి నువ్వైనా ఇను.

మీ తాత జోగయ్యంటే ఎవరనుకున్నావు. మట్టిపని మేస్త్రీ. పార్వతీపురం అవతల నుంచి పారా తట్టా పట్టుకుని ఈ కొండల మీదకొచ్చేడు. ఆడి ఎనకాల మా అక్క, మా అక్క ఎనకాల నాను. రాయగడ నుంచి కొట్పాడ్ దాకా ఎక్కడ ఏ గెడ్డకి, ఏ వాగుకి అడ్డం కట్టెయ్యాలన్నా, కాంట్రాక్టరు ఎవడైనా గానీ, మట్టి కాడ మట్టుకు జోగయ్య ముఠా ఉండాలనీవోరు. ఇప్పుడంటే రోలర్లొచ్చేయి. అప్పుడు జానెడు మట్టి పొయ్యడం, నీళ్ళు జల్లడం, ఆడా మగా వరసగా నిలబడి దిమ్మిసలతో కొట్టడం. మళ్ళీ జానెడు. నా దెబ్బ మెత్తగా పడితే వచ్చి ఈపు మీద ఒక్కటేసీవోడు, "ఒరే శ్రీహరీ, అటుకులు దంచుతున్నావేట్రా" అని. ఆ దిమ్మిస ఎత్తలేకే కదా నాను మునిసిపాల్టీలో కొళాయిల పన్లోకి దూరిపోనాను. అది వేరే కత, దానికీ నవ్వీవోడు. ఏటి సెప్తన్నాను? ఆఁ, కాంట్రాక్టర్లు. కొందరుండీవోరమ్మీ, కట్ట అడుగున నీరు ఊరతందనుకో, ఇంజినీరు జీపు వస్తందంటే సాలు, ఆ ఊరిన చోట గడ్డి పరిసీసి గేదెల్ని కట్టీసీవోరు. తడెందుకయ్యా ఇక్కడ అంటే, పసువుల తడి బాబూ అనీవోరు. మీ తాతకి ఒళ్ళు మండిపోయేది. ఒక కాంట్రాక్టరు అలాగే సేస్తే, ముఠా ముఠాని తట్టలు బోర్లించమని పని ఆపీసేడు. కింద ఊరున్నాది, పిల్లలున్నారు, గేదెల మాట సెప్పి నానీ కట్ట మీద మట్టి ఎయ్యను అనీసేడు. కూలి పోనాది, మా అక్క సేత తిట్లు తిన్నాడు, అయినా ఎల్లలేదు. అలాంటోడు. అందుకే నాకీ సిగ్గు. మొదట్నుంచీ దొంగోడైతే ఎవడికి బాద?

ఆ తరవాత సెరువు కొన్నాడు. వేంకటరమణ గారని, ఎస్టేటు కాలంలో వోళ్ళ పెద్దలు దివాణంలో పనిసేసేరు, అప్పుడు దఖలైన సెరువది. ఆయన విశాఖపట్నం ఎల్లిపోతా మా బావకి ఇచ్చీసేడు, నీ సేతిలో అయితే కట్ట బాగుంటాది జోగయ్యా అని. ఆ మాటకే ఉబ్బిపోయేడు మీ తాత. అది సర్కారు కట్ట కాదు. పట్టా ఎవుడిదో కట్ట ఆడిదే, మంచికైనా సెడ్డకైనా ఆడే సూసుకోవాల. కిందనున్న కుసుంగుడోళ్ళు దాన్ని మేస్త్రీ బంద అనడం మొదలెట్టేరు. వోళ్ళు దేసియా మాటలో సెరువుని అలాగే అంటారు కదా. గెడ్డ వార మెట్లు మెట్లుగా దిగే పొలాలు వోళ్ళవి, బంగారం లాంటి వరి. తూములోంచి వోళ్ళకి నీరొచ్చేది. వోళ్ళు కట్టకి మట్టి ఎయ్యడానికి సాయం వచ్చీవోరు. వానాకాలం వచ్చిందంటే మీ తాత తెల్లారి లేసి, సెప్పులు ఇంటికాడ ఒగ్గీసి, కట్ట అడుగున ఈ కొస నుంచి ఆ కొసకి వట్టికాళ్ళతో నడిసీవోడు. కంటికి ఆనని సెమ్మ అరికాలికి తెలుస్తాదనీవోడు. ఎక్కడైనా సల్లగా తగిలితే అక్కడే కూలబడిపోయి మట్టి తీసి వాసన సూసీవోడు. మా అక్కకి నవ్వు. పెళ్ళాం ఒంటికి జొరమొస్తే సూడవు గానీ కట్ట ఒళ్ళు తెగ తడుముతావు అనీది.

ఆ కట్ట మీద ఒక పుట్ట లేసింది. ఇంకెవుడి కట్ట మీదైనా అయితే మా బావ ఆ పూటే తవ్వించీసి, సెద ఎంతవరకు తోడిందో అంతవరకూ ఎంటబడి, బంకమట్టి కూరి దిమ్మిస కొట్టించీవోడు. సెదపురుగు కట్ట లోపల గొట్టాలేసీస్తాది కదా, నీరు దాన్ని పట్టుకుంటే ఇంక ఆగదు. కానీ మా అక్కకి అప్పటికి పిల్లలు నిలబడలేదు. నాగుల సవితికి ఆ పుట్టలోనే పాలు పోసి మొక్కుకుంది. ఏడాది తిరక్కుండా మీ నాయిన పుట్టేడు. ఇంక ఆ పుట్ట మీద గునపం ఎయ్యి సూద్దాం? నువ్వూ ఎయ్యవు, నానూ ఎయ్యను. మనోళ్ళు ఈ కొండల్లో ఎక్కడున్నా పుట్ట కనబడితే పసుపు రాసీసి దండం పెట్టీడమే కదా. మా అక్క దానికి సుట్టూ రాళ్ళు పేర్సింది, పై నుంచి సీర కట్టింది. మా బావ కొలిసి సూసుకున్నాడు. నీరు ఆ ఎత్తుకి రాదు, ఎక్కువైన నీరు అలుగు మీంచి పొర్లి గెడ్డలోకి పోతాది, పుట్ట పొడిగానే ఉంటాది, ఉండనీ అన్నాడు. అది నిజమే. ఎన్నేళ్ళో అలాగే ఉన్నాది, ఏటీ కాలేదు.

తగువంతా సేపలతో వచ్చింది. మీ నాయిన్ని కాలేజీలో ఏసేక, కొత్త ఆదాయం కావాల కదా, సెరువులో బొచ్చెలు, రోహులు పెంచడం మొదలెట్టేడు. మొదటి ఏడు బాగా ఎదిగేయి. సెమిలిగుడ బస్టాండు అప్పుడు ఇప్పుడు నువ్వు సూసినట్టు కాదు, అక్కడ సింతసెట్టు కింద తట్ట దించితే గంటలో ఖాళీ. మేస్త్రీ సేపలు మేస్త్రీ సేపలు అని పేరొచ్చీసింది. ఆ పేరు నెత్తికెక్కింది మా బావకి. నాను సెప్పకూడదు, పెద్దోడు, పోయినోడు, కానీ ఎక్కింది. వాన పడి అలుగు పొర్లినప్పుడు సేప ఊరుకుంటాదేటి, నీటితో పాటు దూకి గెడ్డలోకి పోతాది. కుసుంగుడోళ్ళు అలుగు కింద మావులు, వెదురుతో అల్లిన సేపల బుట్టలు, కట్టి పట్టుకునీవోరు. ఎన్ని తరాల్నుంచో పడతన్నారు, అప్పుడు అవి గెడ్డ సేపలు. ఇప్పుడు మా బావ కంటికి అవి తన సేపలు. ఒకరోజు దిగిపోయి మావులు కాళ్ళతో తొక్కి ఇరగ్గొట్టీసేడు. అంతటితో ఊరుకున్నాడా, వోళ్ళ నాయకుడు, బుద్రా నాయకో అని పెద్దమనిసి, ఆయన ఇంటి ముందు ఊరందర్నీ కూకోబెట్టి మాట తీసుకున్నాడు. "నా బందలో పెరిగిన సేప ఎక్కడ దొరికినా నా గుమ్మంలోకి రావాల. తిన్నోడు దొంగ." అలగన్నాడు, దొంగ అని. బుద్రా నాయకో తనవోళ్ళ వేపు సూసి, కల్లు సుక్క నేల మీద ఒంపి, సరే బాబు అన్నాడు. వోళ్ళల్లో ఊరి మద్దిన నేల మీద ఒంపి ఒప్పుకున్న మాటంటే ఇంక మాటే. మనలాగ పొద్దున్నొకటి, సాయంత్రం ఒకటి కాదు.

అయినా మా బావకి నమ్మకం లేదు. ఇంటికొచ్చి ఆలోసించి ఆలోసించి, అలుగే లేకుండా సేసీసేడు. తడిక కట్టేడు ముందు. తడికకి ఆకులడ్డం పడితే, బస్తాల్లో మట్టి నింపి అలుగు మీద పేర్సేడు. పేర్సి ఊరుకోలేదు, పనిమంతుడు కదా, మద్దిన బంకమట్టి కూరి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించేడు. ఒక్క సేప పోదు, ఒక్క సుక్క పోదు. సెరువు నిండి మా అక్క సీర కట్టిన పుట్ట మొదలు దాకా నీరొచ్చింది. నాను ఆ ఆదివారం ఎల్లినప్పుడు సూసి, బావా నీరు బాగా ఎత్తుకొచ్చిందే అంటే, "కొళాయిలోడివి, నీకేటి తెలుస్తాది" అని నవ్వేడు. మరి ఆడికి తెల్సు కదమ్మీ. ఈ జిల్లా మొత్తం మీద ఆడికి తెలిసినంత ఎవడికీ తెలీదు. అలుగు మూసిన సెరువు ఏటవుతాదో మాకందరికీ నేర్పినోడు ఆడే.

తరవాత ఏడు వానల్లో బుద్రా నాయకో పైకొచ్చేడు. పై పొలం గట్టు కాడ నీరు ఊరతంది బాబు, మట్టి రంగు కూడా ఉంది, ఒకసారి సూడు అన్నాడు. మా బావ దిగి సూసేడు. సూసి, ఊట నీరు నాయకో, కొండ ఊట, నా కట్ట నాకు తెలీదా అన్నాడు. ఆయన నమ్మేడు. మేస్త్రీ సెప్తే ఎందుకు నమ్మడు? బందల మట్టి గురించి జోగయ్య మాటంటే వోళ్ళకి వేదం. ఇంకా కొన్నాళ్ళకి బిశ్వజిత్ బాబని కుర్ర ఇంజినీరు, బ్లాకు ఆఫీసు నుంచి, పట్టా కట్టలు కూడా సూసి రమ్మన్నారట, వస్తన్నానని కబురెట్టేడు. ఆ పొద్దున్న నాను అక్కడే ఉన్నాను. మా బావ లేసి, పాకలోంచి గేదెల్ని ఇప్పి, కట్ట అడుక్కి తోలుకెల్లి, పుట్టకి కిందుగా ఊరతన్న చోట గడ్డి పరిసి, గుంజలు పాతి కట్టీసేడు. నా వేపు సూడలేదు. ఆ కుర్రోడొచ్చి తడేటి మేస్త్రీ అన్నాడు. పసువుల తడి బాబూ అన్నాడు మీ తాత. ఆ మాటే. అచ్చం ఆ మాటే. ఆ కుర్రోడు సెరువు గట్టున కొబ్బరిబొండం తాగి, దండం పెట్టి మరీ ఎల్లిపోనాడు. ఆ మర్నాటి నుంచి మా బావ వట్టికాళ్ళతో నడవడం మానీసేడు. సంతలో గంబూట్లు కొన్నాడు. ముళ్ళున్నాయి, పాములున్నాయి అనీవోడు అడిగితే. ఎవరూ అడక్కపోయినా అనీవోడు.

కట్ట తెగిన రోజు సంత రోజు. అదే దేవుడి దయ, కుసుంగుడలో సగం ఊరు సంతకెల్లిపోనాది, పొలాల్లో మనిసి లేడు. మూడ్రోజుల ముసురు. పదకొండో పన్నెండో గంటకి వానెలిసింది. మా అక్క పుట్ట కాడ గుడ్డ సరిసెయ్యడానికెల్లి కేకేసింది. సెరువులో, పుట్టకెదురుగా, నీరు గుండ్రంగా తిరగతంది, అవతల కట్ట పక్క నుంచి ఎర్ర నీరు ఎగజిమ్మతంది. మా బావ బూట్లు ఇసిరీసి పరిగెత్తేడు. దుప్పట్లు కూరేడు, గడ్డి కూరేడు, తనే అడ్డం పడ్డాడు. కిందనున్న ముసలోళ్ళు, ఆడోళ్ళు, పిలవకుండానే తట్టల్తో మట్టి పట్టుకుని ఎక్కొచ్చీసేరు. ఎవరి కట్టకి? మావులు తొక్కినోడి కట్టకి. అప్పుడు బావకి అలుగు గుర్తొచ్చింది. అది తీసీస్తే నీరు దిగుతాది. గునపం పట్టుకుని బస్తాల మీద పడ్డాడు. దిగదు. అంత గట్టిగా కొట్టించేడు దాన్ని. ఎంత పొడిసినా పెచ్చు రాలిందే గానీ దారివ్వలేదు. బుద్రా నాయకో ఆఖర్న మీ తాతని నడుం పట్టుకుని ఇవతలకి లాగీసేడు. లాగిన కాసేపటికి పుట్టా, సీరా, రాళ్ళూ అన్నీ ఒక్కసారి కూరుకుపోయి కట్ట రెండైపోనాది. ఆ సప్పుడు నాను సెప్పలేను. కింద వరి పొట్ట మీదుంది. గంటలో అంతా ఇసకా రాళ్ళూ. మనిసి పోలేదు. మేకలు పోనాయి. పండే నేల పోనాది, ఏళ్ళ తరబడి.

మా అక్క గుండెలు బాదుకుంది, నా పుట్టే తినీసింది ఊరిని అని. మా బావ అప్పుడొక్క మాటన్నాడు, నాకింకా ఇనబడతాది. "పుట్టేటి సేసింది అప్పీ, దాని మానాన అదుంది. దాని కాడికి నీరు తెచ్చింది నాను." అంతే. ఆ తరవాత బతికినన్నాళ్ళూ రోజూ తట్ట పట్టుకుని దిగి వోళ్ళ పొలాల్లో ఇసక ఎత్తేడు, ఎవరితో మాటాడకుండా, సీకటి పడీదాకా. రఘు వచ్చి, గండి కట్టీద్దాం నాయినా అంటే, గెడ్డ దారి గెడ్డకి ఒగ్గీండ్రా అన్నాడు. అందుకేనమ్మీ ఆ సందు అలగున్నాది. కింద ఇప్పుడు మళ్ళీ పండిస్తన్నారు, సూసేవు కదా పచ్చగా. బుద్రా మనవలు. పింటుగాడు వోళ్ళ నెత్తి మీద మళ్ళీ నీళ్ళెడతానంటే నాను ఏ మొహంతో సరేనంటాను.

కానీ అది కాదు, మేం తల దించుకునీది. కట్టన్నాక తెగుతాది, తప్పు సేసేడు, ఇసక ఎత్తేడు, అదొక లెక్క. తెగిన రెండు మూడ్రోజులకి, పొద్దెక్కీ ఏల, బావ అరుగు మీద కూకున్నాడు. తోవమ్మట కుసుంగుడోళ్ళు వరసగా ఎక్కి వస్తన్నారు, ఆడా మగా, ముందు బుద్రా నాయకో. మా అక్క కొట్టడానికొస్తన్నారని లోపల గడియ పెట్టీసుకుంది. మీ తాత లేసి వాకిట్లోకెల్లి నిలబడ్డాడు. కొడితే బాగున్ను అన్నట్టు నిలబడ్డాడు. నాను పక్కనే ఉన్నాను కదా, ఆడి మొహం సూసేను. ఎవరి సేతుల్లోనూ కర్ర లేదు. ఆకులు కప్పిన బుట్టలు. వాకిట్లో దించేరు. ఆకు తీస్తే సేపలు. ఇసక గుంటల్లో మిగిలిపోయినవి, కొన్ని ఇంకా నోళ్ళు తెరుస్తన్నాయి, కొన్ని లేవు. వరి పోయిన పొలాల్లో ఎతికి ఎతికి ఏరుకొచ్చినవి. బుద్రా నాయకో గొంతు పెంచకుండా, మామూలుగా అన్నాడు. "మేస్త్రీ బాబు, ఇవి నీ బంద సేపలు. దొరికినంత వరకూ తెచ్చేం. మొదటి రోజు ఇంట్లో ఏటీ లేక కొన్ని పిల్లలు కాల్సుకు తినీసేరు, వోళ్ళకి మాట సంగతి తెలీదు. కోపం సెయ్యకు."

కోపం సెయ్యకు అన్నాడమ్మీ. ఒద్దు నాయకో, పట్టుకెల్లి మీరే తినండి అనాల కదా ఎవడైనా. నాను మనసులో అంటన్నాను, అను బావా, అను అని. ఆ మాట అనడానిక్కూడా ఒక మొహం ఉండాల, ఆడికి లేదు. ఏటి సేసేడంటావా? తీసుకున్నాడు. బుట్టలు వోళ్ళవి, ఖాళీ సేసి ఇవ్వాల. ఒక్కో బుట్టా ఎత్తి అరుగు మీద బోర్లించి, ఎవరిది వోళ్ళ సేతికి ఇచ్చేడు. తలెత్తలేదు, వోళ్ళ కాళ్ళు సూస్తా ఇచ్చేడు. ఆఖర్న ఒక ముసల్ది తన బుట్ట తీసుకుని, రెండడుగులేసి, ఎనక్కి తిరిగి, "తడిగుడ్డ కప్పు బాబు, ఎండకి పాడైపోతాయి" అని సెప్పి దిగిపోనాది.

కొళాయి వచ్చినట్టుంది. బేగెల్లమ్మీ, బిందెలెట్టు, ఎక్కువసేపు రాదు.